కుందేలు కన్ను – మనుష్యుని కన్ను

ఇంద్రియములన్నిటిలో కన్ను ప్రధానమని మన పెద్దలు చెప్పిరి. ప్రియమైన దేనినైనను కంటికి రెప్పవలె కాపాడుదుమనుట తెలుగువారి యిండ్లలో నిత్యము వినబడు మాట. కాని యీ కాలమున కంటికి రెప్ప యొక్కటియే చాలదు. తలకు రుద్దుకొను షాంపూ, ముఖమునకు పూసికొను క్రీము, నేల కడుగు ఫినాయిలు, పొలమున చల్లు పురుగుమందు – వీనిలో నేదైనను ఒక్క చుక్క పొరపాటున కంటబడినచో నేమగును? నీటితో కడిగికొన్న తగ్గునా? చూపే పోవునా? ఈ ప్రశ్నకు వస్తువు అంగడికి రాకమునుపే యెవరో యొకరు సమాధానము చెప్పియుండవలెను. ఎవరు చెప్పిరి, ఏ రీతిగా తెలిసికొనిరి, దానికి మూల్యమెవరు చెల్లించిరి అనునవి ప్రజలు తెలిసికొనదగిన విషయములు.

ఈ కథ అమెరికాదేశమున నారంభమైనది. 1933 ప్రాంతమున అచ్చట ‘లాష్ లూర్’ అను పేర, కనురెప్పల వెండ్రుకలకును కనుబొమ్మలకును వేయు రంగొకటి విక్రయింపబడుచుండెను. పారాఫినిలీన్ డయమీన్ జాతికి చెందిన రసాయనము అందు కలదు. ఆ రంగు వేయించుకొన్న స్త్రీలలో కొందరికి కన్నులు వాచి పుండ్లు పడెను. ఒకామె చూపు కోల్పోయెను. మరియొకామె ప్రాణమునే కోల్పోయెను. ప్రభుత్వమేమి చేసెనని పాఠకులడుగవచ్చును. ఏమియు చేయజాలకుండెను. 1906 నాటి చట్టము ఆహారమునకును ఔషధములకును సంబంధించినదే గాని అలంకరణ సామగ్రిని ముట్టునది కాదు. చూపు తీసిన సీసా అంగడిలో నుండగా చట్టము చేతులు కట్టుకొని నిలిచియుండెను. 1938లో అధ్యక్షుడు రూజ్‌వెల్టు క్రొత్త చట్టముపై సంతకము చేసిన పిమ్మటనే యీ లోపము తీరెను. ఆ చట్టము క్రింద మొట్టమొదట స్వాధీనము చేసికొనబడిన వస్తువులలో లాష్ లూర్ ఒకటి.

చట్టము వచ్చినది, కాని కొలబద్ద యేది? ఏ వస్తువు కంటికి హాని చేయును, ఏది చేయదు అని న్యాయస్థానమున నిరూపించుటకు ఒక పద్ధతి కావలసివచ్చెను. అమెరికా ప్రభుత్వ ఆహార ఔషధ శాఖలో పనిచేయుచుండిన జాన్ డ్రెయిజ్ అను శాస్త్రజ్ఞుడు, తన సహచరులైన వుడార్డు, కాల్వరీలతో కలిసి 1944లో అట్టి పద్ధతిని ప్రకటించెను. అదియే డ్రెయిజ్ పరీక్షయని ప్రసిద్ధికెక్కినది.

ఈ పరీక్ష చూచుటకు సులభమైనది. తెల్లని కుందేలు నొకదానిని తెచ్చి, దాని క్రింది రెప్పను లాగి, ఒక కంటిలో పదియవ వంతు మిల్లీలీటరు మందు వేయుదురు. రెండవ కంటిని పోల్చి చూచుటకై అట్లే విడుతురు. ఒక గంట, ఒక దినము, రెండు దినములు, మూడు దినములు గడచిన కొలది కంటిని పరిశీలించి అంకెలు వేయుదురు. కొన్ని పరీక్షలలో ఈ పరిశీలన 21 దినములదాక సాగును. కంటి ముందుభాగమున అద్దమువలె నుండు కార్నియా మసకబారినచో దానికి 80 వరకును, పాప చుట్టునుండు ఐరిస్‌నకు 10 వరకును, రెప్పల లోపలి పొర యెఱ్ఱబారి వాచుటకు 20 వరకును – మొత్తము 110 అంకెలు. అనేక ప్రయోగశాలలలో కుందేలు కన్ను రుద్దుకొనకుండ, తల మాత్రము బయటకుండునట్లు దానిని చెక్కచట్రములో బిగించియుంచెడివారు. నోరులేని జీవి, తన బాధను చెప్పుకొననేరదు.

ఈ పరీక్షను కల్పించినవారిని క్రూరులనుట న్యాయము కాదు. స్త్రీల కన్నులు పోవుచుండగా ఆ ఘోరమును మాన్పుటకే వారు పూనుకొనిరి. ‘కంట పడరాదు’ అని సీసాలపై నేడు మనము చదువు హెచ్చరికలలో పెక్కింటికి మూలము ఆ అంకెలే. కాని సదుద్దేశముతో పుట్టిన పద్ధతియు సత్యమును చెప్పుచున్నదా యని విచారింపవలసియుండును. కుందేలు కన్ను మనుష్యుని కన్ను కాదు. దానికి మూడవ రెప్ప యొకటి కలదు, మనకు లేదు. దాని కార్నియా మనకంటె పలుచన. అది మనకంటె మిక్కిలి అరుదుగా రెప్ప వేయును. పైగా కంటి మసకను చూచి అంకె వేయువాడు మనుష్యుడు. ఒకని కంటికి కొంచెముగా తోచినది మరియొకనికి తీవ్రముగా తోచును. 1971లో వైల్, స్కాలా అను నిరువురు శాస్త్రజ్ఞులు ఒకే రకపు పదార్థములను ఇరువదికి పైగా ప్రయోగశాలలకు పంపి చూడగా, ఒకచోట నిరపాయమని తేలినది వేరొకచోట తీవ్రమైన క్షోభకారకమని తేలెను. తులాభారమునకు పూనుకొని త్రాసునే సరిచూడనట్లయ్యెను.

ఇందు మరియొక చిత్రము కలదు. లాష్ లూర్ చేసిన హాని ముఖ్యముగా కొందరి శరీరములకు ఆ రంగు సరిపడకపోవుటచే కలిగినది. నేటి వైద్యులు దానిని ఎలర్జీ యందురు. కంటిలో నొకసారి చుక్క వేసి మంటను కొలుచు పరీక్ష యిట్టి హానిని పట్టజాలదు. ఏ యంధురాలి దుఃఖమునుండి యీ పరీక్ష పుట్టెనో ఆమెను ఈ పరీక్షయే కాపాడజాలకపోయెడిది! ఈ సంగతి మనకు గొప్ప పాఠము. పరీక్ష జరిగినది యనుట వేరు; సరియైన ప్రశ్న నడిగితిమనుట వేరు.

1959లోనే రసెల్, బర్చ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు మూడు సూత్రములు చెప్పియుండిరి: ప్రాణికి బదులు వేరు సాధనమును వాడుట, వాడక తప్పనిచోట సంఖ్యను తగ్గించుట, బాధను తగ్గించుట. ఇరువది సంవత్సరములు ఆ మాటలు పుస్తకములలోనే యుండెను. వానిని వీధిలోనికి తెచ్చినవాడు హెన్రీ స్పైరా. ఒకప్పుడు ఓడలలో కూలి, పిమ్మట న్యూయార్కు నగరమున బడిపంతులు. 1980 ఏప్రిలులో ‘న్యూయార్కు టైమ్సు’ పత్రికలో పూర్తి పుట ప్రకటన వేయించి, అందము కొరకు ఎన్ని కుందేళ్లను గ్రుడ్డివానిని చేయుదురని రెవ్లాన్ సంస్థను బాహాటముగా ప్రశ్నించెను. ఆ సంవత్సరము ముగియకమునుపే ఆ సంస్థ ప్రత్యామ్నాయ పరిశోధనకై రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమునకు ఏడున్నర లక్షల డాలర్ల విరాళము ప్రకటించెను. 1981లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఇట్టి పరిశోధనకే ప్రత్యేక కేంద్రము వెలసెను. ఒక పత్రికాప్రకటన యేమి చేయగలదని నిట్టూర్చువారు ఈ చరిత్రను తలంపవలెను.

ఆ పరిశోధన ఫలించినది. మాంసమునకై చంపబడిన పశువుల కన్నులను కసాయిశాలనుండి తెచ్చి, వాని కార్నియాపై మందు వేసి, వెలుతురు ఎంత తగ్గెను, రంగునీరు పొరగుండ ఎంత చొచ్చెను అని యంత్రముతో కొలుచు పద్ధతి యొకటి. కోడికన్నులతో చేయునది మరియొకటి. ఈ రెంటిని ఓ.ఇ.సి.డి. అను దేశముల కూటమి 2009లో అంగీకరించెను. 2015లో నింకొక మెట్టు ఎక్కిరి. మనుష్యుని కణములనే పాత్రలో పెంచి, కార్నియా పైపొరను పోలిన పొరను నిర్మించి, దానిపై మందు వేసి, ఎన్ని కణములు బ్రతికియున్నవో ఒక రంగు మార్పుచే లెక్కించు పద్ధతి యంగీకృతమయ్యెను. ఇచ్చట అంకె వేయునది మనుష్యుని ఊహ కాదు, యంత్రము. అడుగబడునది కుందేలు కణము కాదు, మనుష్యకణము. ఏ యొక్క పరీక్షయు అన్నిటికి చాలదు కనుక కొన్నింటిని కలిపి నిర్ణయించు విధానమును 2022లో ఏర్పరచిరి. కుందేలు పరీక్ష మాత్రము పూర్తిగా నశింపలేదు. ముందుగా ఇతర పద్ధతులను చూడవలెననియు, తప్పనిచో నొప్పి తెలియకుండ మందిడవలెననియు నియమములు చేరినవి.

మన దేశమీ విషయమున వెనుకబడలేదని చెప్పుటకు సంతసించుచున్నాము. 2014 మే నెలలో అలంకరణ సామగ్రికై జంతువులపై పరీక్షలు చేయుటను భారతప్రభుత్వము నిషేధించెను. ఆ సంవత్సరమే అట్లు పరీక్షింపబడిన వస్తువుల దిగుమతిని సయితము నిషేధించెను. ఐరోపా కూటమి అట్టి విక్రయములను పూర్తిగా నిషేధించినది 2013లోనే. అహింసను పరమధర్మముగా చెప్పుకొను దేశమునకు ఇది తగినపని.

కాని నిషేధముతో మన బాధ్యత ముగిసెనా? మేమడుగదలచినది ఈ ఒక్క ప్రశ్నయే: కుందేలును విడిచిన చోట ఎవరిని నిలిపితిమి? క్రొత్త పరీక్షలను నిలిపినచో అది దయయు జ్ఞానమును. ఏ పరీక్షయు నిలుపనిచో, ఆ చట్రములో కొనుగోలుదారుని బిగించినట్లే. సంతలో పేరులేని కాటుక, హోలీనాటి ఊరుపేరు లేని రంగులు, విడిగా కొలిచి యమ్ము ఆసిడ్ – వీనిని ఏ ప్రయోగశాల చూచెను? తాంబూలపు సున్నము చిన్న ప్లాస్టిక్ పొట్లములలో నమ్ముదురు. పసివాండ్రు ఆటలలో దానిని నొక్కగా పగిలి కంట చిమ్మి చూపు పోయిన సంగతులను మన దేశపు నేత్రవైద్యులు పలుమారు ప్రకటించియున్నారు. సున్నము క్షారము, అనేక ఆమ్లములకంటె లోతుగా కంటిలోనికి చొచ్చును. ఇది తెలియుటకు ఏ కుందేలును అక్కరలేదు. తెలిసిన జ్ఞానము పొట్లముపైకి రావలెను, అంతియే. ఇట్టిది కంటబడినచో వైద్యుని వెదకుటకు ముందే, ఆ క్షణముననే, శుభ్రమైన నీటితో చాలసేపు ఎడతెగక కడుగవలెను. ఈ ఒక్క వాక్యము తెలిసిన యిల్లు ఎన్నో చూపులను నిలుపగలదు.

మన తెలుగునాటను ఇందులకు సాధనసంపత్తి లేకపోలేదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ, సి.సి.యం.బి., ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు కలిసి దానమిచ్చిన మనుష్య నేత్రముల పదార్థముతో కార్నియాను ముద్రించిరని 2022లో ప్రకటింపబడెను. అది చికిత్సకై చేసిన పని. తొలుత దానినిసైతము కుందేలు కంటనే పెట్టి చూచిరి. అయినను మనుష్యుని కంటిపొరను నిర్మింపగల విద్య మన నగరముననే యున్నదనుట స్పష్టము. ఆ విద్య పరీక్షశాలలకును ప్రవహింపవలెను. చిన్న ఉత్పత్తిదారుడును భరింపగల రుసుముతో, కుందేలును బాధింపని పరీక్షలు చేయు శాలలు ప్రతి రాష్ట్రమునను వెలయవలెను. వస్తువును ఏ పద్ధతిని పరీక్షించిరో ప్రకటింపవలెను. హెచ్చరిక చీమతలకాయంత అక్షరములలో గాక, కూలివాడు చదువగల తెలుగులో పెద్దదిగా నుండవలెను. పురుగుమందు చల్లు కూలికి కండ్లద్దములిచ్చుట యజమాని దయకు విడువరాదు.

1933లో అమెరికా స్త్రీ చూపు పోయినప్పుడు చట్టము లేదు, పరీక్ష లేదు. నేడు మనకు చట్టము కలదు, పరీక్షయు కలదు. ఇకమీదట తెలియక జరిగినదని చెప్పుటకు వీలులేదు. కంటికి రెప్ప యెట్లో ప్రజలకు ప్రభుత్వమట్లు. రెప్ప పడవలసినది దెబ్బ తగిలిన పిమ్మట కాదు, తగులకమునుపే.