సూరత్‌లో ‘పాసా’ ఉత్తర్వు: కోర్టులో ఎక్కడ నిలవదు?

బెయిల్ వచ్చింది, ఇంటికి వెళ్లొచ్చు అనుకున్న మనిషిని జైలు గేటు దగ్గరే మళ్లీ అదుపులోకి తీసుకోవచ్చు. కొత్త కేసు అక్కర్లేదు, పోలీస్ కమిషనర్ సంతకం చేసిన నిర్బంధ ఉత్తర్వు చాలు. దీనికి ఆధారం 1985 నాటి గుజరాత్ సంఘ వ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అందరి నోటా ‘పాసా’. లింబాయత్ ప్రాంతంలో స్థిరపడిన తెలంగాణ పద్మశాలీలకు సొంతూళ్లో వినిపించే ‘పీడీ యాక్ట్’ దీనికి తమ్ముడి లాంటిది. అది 1986లో వచ్చింది.

పాసా కింద నేరం రుజువు కానక్కర్లేదు. గరిష్ఠంగా ఏడాది నిర్బంధించవచ్చు. కమిషనర్ ఉత్తర్వును 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి, మూడు వారాల్లో సలహా మండలి ముందు పెట్టాలి. అక్కడ లాయర్‌ను పెట్టుకునే హక్కు లేదు. అందుకే అసలు పోరాటం హైకోర్టులోనే.

మొదటి ప్రశ్న ‘అలవాటు’ గురించి. ‘ప్రమాదకర వ్యక్తి’ అనాలంటే వరుసగా మూడేళ్ల కాలంలో అలవాటుగా నేరాలు చేస్తూ ఉండాలని చట్టమే చెబుతోంది. ఒక్క విడి ఘటనతో అలవాటు తేలదని సుప్రీంకోర్టు 1995లో గుజరాత్ కేసులోనే చెప్పింది.

రెండోదే ఎక్కువ ఉత్తర్వులను పడగొట్టేది. 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులో కోర్టు శాంతిభద్రతలను పెద్ద వలయంగా, ప్రజా భద్రతను దాని లోపలి చిన్న వలయంగా చూపింది. రింగ్‌రోడ్డులో ఎవరో ఫోన్ లాక్కుపోతే నష్టం ఒకరిది, మామూలు కేసు సరిపోతుంది. ముఠా కత్తులతో దిగి బట్టల మార్కెట్ మూయిస్తే సంగతి వేరు. గొలుసు దొంగతనాలపై రాచకొండ కమిషనర్ ఇచ్చిన ఉత్తర్వును 2024 మార్చి 21న సుప్రీంకోర్టు కొట్టేసింది ఈ తేడా మీదే. సలహా మండళ్లు రబ్బరు స్టాంపులు కాకూడదనీ మందలించింది. అంతకుముందు ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ ధోరణినే తప్పుపట్టింది. బెయిల్ దుర్వినియోగమైతే రద్దు కోరవచ్చు కదా అని 2021లోనే అడిగింది.

అన్నీ కొట్టేస్తారని కాదు. 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌ నాటుసారా కేసులో నిర్బంధం నిలిచింది. తాగడానికి పనికిరాదన్న పరీక్షా నివేదికలు అక్కడ ఉన్నాయి.

వలస కార్మికుడికి పనికొచ్చేది భాష. రాజ్యాంగం 22(5) ప్రకారం కారణాలు తెలిపి, విజ్ఞప్తి చేసుకునే అవకాశం ఇవ్వాలి. గుజరాతీ మాత్రమే తెలిసిన వ్యక్తికి ఇంగ్లిష్ కాగితాలిచ్చి నోటితో వివరించడం చాలదని సుప్రీంకోర్టు నాలుగు దశాబ్దాల కిందటే తేల్చింది. తెలుగే తెలిసినవాడికి గుజరాతీ కాగితాలిస్తే అదే వాదన పనిచేస్తుంది. ఏ భాషలో కాగితాలిచ్చారో, ఏ తేదీన ఇచ్చారో, విజ్ఞప్తికి జవాబు ఎన్నాళ్లకు వచ్చిందో కుటుంబం రాసిపెట్టుకోవాలి. అకారణ జాప్యమొక్కటే ఉత్తర్వును కూల్చగలదు.

చిక్కంతా కాలంతోనే. ఆర్నెల్లు గడిచాక గెలిస్తే పోయిన కూలి తిరిగి రాదు. అరెస్టుకు ముందే సవాలు చేసే దారి ఉంది కానీ ఇరుకైనది: ఉత్తర్వు ఆ చట్టం కింద ఇవ్వకపోవడం, వేరే మనిషిపై అమలు చేయబోవడం, దురుద్దేశం, అస్పష్టమైన లేదా సంబంధం లేని కారణాలు, అధికారం లేనివారి సంతకం. 1990లో సుప్రీంకోర్టు గీసిన హద్దులివి.