వినే చెవి

పుస్తకం పట్టుకునే తీరిక లేనివారికి ఆడియో పుస్తకాలు ఒక వరం. 2005లో ఆరంభమైన లిబ్రివాక్స్ ద్వారా స్వచ్ఛంద సేవకులు కాపీరైట్ తీరిన పాత పుస్తకాలను చదివి, రికార్డు చేసి, ఉచితంగా అందిస్తున్నారు. అలా వినదగిన వాటిలో 1845లో వెలువడిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ ఒకటి.

అమెరికాలోని మేరీలాండ్‌లో బానిసగా పుట్టిన డగ్లస్‌కు బాల్యంలో యజమానురాలు సోఫియా ఆల్డ్ అక్షరాలు నేర్పసాగింది. చదువొస్తే బానిస మాట వినడంటూ భర్త ఆపించాడు. అయినా డగ్లస్ వీధిలోని పేద తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి చదువు నేర్చుకున్నాడు. 1838లో తప్పించుకుని స్వేచ్ఛ పొందాడు.

మనసును కలచివేసే ఘట్టం మరొకటుంది. అసలు యజమాని థామస్ ఆల్డ్ 1832లో మెథడిస్టు కూటాల్లో విశ్వాసి అయ్యాడు. ఇకనైనా దయ చూపుతాడని డగ్లస్ ఆశించాడు. కాని థామస్ పూటపూటా ప్రార్థిస్తూనే మరింత క్రూరుడయ్యాడు. కొరడా దెబ్బలకు బైబిలు వాక్యాన్నే సాకుగా చూపాడు!

ఇలాంటి పేజీలను కన్ను గబగబా దాటేస్తుంది. చెవికి ఆ వీలు తక్కువ. చదివే గొంతు చెప్పాల్సిందంతా చెప్పే కదులుతుంది. క్రీస్తు మార్గం వేరు, బానిసలను అమ్ముకునేవారి మతం వేరు అని డగ్లస్ పుస్తకం చివర తేల్చి చెప్పాడు. మొదటిదాన్ని ప్రేమించాడు గనుకే రెండోదాన్ని అసహ్యించుకున్నాడు.

ప్రియులారా, థామస్ కూడా ప్రసంగాలు విన్నవాడే! అతను విననిది పక్కనున్న మనిషి మూలుగునే. మన ఇంట పనిచేసేవారి బాధ మన చెవిన పడుతోందా? వాక్యం విన్న చెవికి అదే పరీక్ష.