ఆసుపత్రి స్కానింగు: వెళ్లుటకు ముందు తెలిసికొనదగిన సంగతులు

స్కానింగు తీయించుకొని రమ్మని వైద్యుడు చీటీ వ్రాసి యిచ్చినంతనే మన పల్లెలలో కొందరు ఆ యంత్రపు కిరణములు ఒంటికి చెరుపు చేయునని జంకుచున్నారు. మరికొందరు జంకు లేకయే చీటీని జేబులో వేసికొని, చద్దియన్నము తిని, బస్సెక్కి పట్టణమునకు పోయి, "కడుపు నిండియున్నది, రేపు పరగడుపున రండు" అను మాట విని తిరిగి వచ్చుచున్నారు. నాట్ల దినములలో ఒక పూట పోవుటయు, బస్సు ఖర్చు రెట్టింపగుటయు స్వల్ప నష్టము కాదు. యంత్రము పనిచేయు విధము కొంచెము తెలిసిన యెడల ఈ రెండును తప్పును.

అల్ట్రాసౌండు స్కానింగు కిరణములతో చేయు పరీక్ష కాదు. శబ్దముతో చేయు పరీక్ష. నూతిలోనికి వంగి కేక వేసినచో ఆ కేక మరలి వచ్చును గదా. ఈ యంత్రమును అట్లే శబ్దమును లోనికి పంపి, మరలి వచ్చిన దానిని విని, ఎంత సేపటికి వచ్చెనో లెక్కించి, లోతు కట్టి, తెరపై బొమ్మ గీయును. మనుష్యుని చెవి సెకనునకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. యంత్రము వాడు ధ్వని 20 లక్షల కంపనములకు పైబడినది గాన మనకేమియు వినబడదు. ఓడల కర్మాగారములలో ఇనుప రేకుల లోపలి పగుళ్లను కనిపెట్టుటకు ఇట్టి ధ్వనినే వాడుచుండిరి. గ్లాస్గో నగరపు ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డు తన సహచరులతో కూడి దీనిని మనుష్యుల కడుపు పరీక్షకు తెచ్చి, 1958లో ఆ ఫలితములను ప్రకటించెను. ఇందు ఎక్స్‌రేలో నుండు కిరణములు లేవు గనుకనే గర్భిణీ స్త్రీలకు సయితము దీనిని చేయుచున్నారు. చూడి కట్టినదో లేదో తెలిసికొనుటకు పశువైద్యులు పాడిపశువులకును ఇట్టి యంత్రమునే వాడుచున్నారు.

ఈ శబ్దమునకు గాలి పరమ శత్రువు. గాలి అడ్డు వచ్చినచోట ధ్వని లోనికి పోక వెనుకకు మరలును. నీరు మిత్రము, ధ్వని నీటిగుండ చక్కగా పోవును. పరీక్షకు ముందు మనకు చెప్పు నియమములలో పెక్కింటికి కారణ మిదియే.

పైకడుపు, అనగా కాలేయము, పిత్తాశయము మొదలగునవి చూడవలసినప్పుడు సాధారణముగా 6 మొదలు 8 గంటలు ఏమియు తినకుండ రమ్మందురు. తిన్న వెంటనే ప్రేగులలో వాయువు చేరును, పిత్తాశయము ముడుచుకొనిపోవును. అందు రాయి యున్నను అప్పుడు కానరాకపోవచ్చును. పాలు పోసిన కాఫీ, టీ, గంజి, మజ్జిగ, ఇవన్నియు ఆహారముక్రిందనే లెక్క. చుట్ట త్రాగినప్పుడు గాలిని గూడ మ్రింగుదుము గావున ఆ పూటకు దానిని మానవలయును. మంచినీరు త్రాగవచ్చునా యని చీటీ యిచ్చినచోటనే అడుగుడు. మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిను గాని వాడువారు ఉపవాసమునకు పూనుకొనక ముందే వైద్యునితో చెప్పి, ఉదయపు వేళ పరీక్ష కోరవలయును. అన్నము మాని మందు మాత్రము యథాప్రకారము వేసికొనుట ప్రమాదకరము.

పొత్తికడుపు చూడవలసినప్పుడు మూత్రాశయము నిండియుండవలయును. సుమారు గంట ముందు నాలుగైదు గ్లాసుల నీరు త్రాగి ఆపుకొనుడందురు. బాధ భరింపరానిదైనచో సిగ్గుపడక అచ్చటివారితో చెప్పుడు. స్త్రీలకు కొన్ని వేళల యోనిమార్గమున సన్నని పరికరము నుంచి పరీక్షింతురు. దానికి మూత్రాశయము ఖాళీగా నుండవలయును. తోడుగా ఒక స్త్రీ యుండవలెనని కోరుటకును, ఇష్టము లేనిచో వలదనుటకును వారికి హక్కు కలదు.

గదిలో బల్లపై పరుండబెట్టి, చర్మముపై చల్లని జెల్ పూయుదురు. అది మందు కాదు. చర్మమునకును పరికరమునకును నడుమ గాలి లేకుండ చేయుట దాని పని. మొలత్రాడు గాని తాయెత్తు గాని తెంపనక్కరలేదు. కొంచెము తొలగించిన చాలును. పరికరముతో కొంచెము అదుముదురు, ఊపిరి బిగబట్టుమందురు, ప్రక్కకు తిరుగుమందురు. సాధారణముగా అరగంటలోపల ముగియును. పరీక్షించువారు మాటలాడకున్నను, ఒకేచోట పలుమార్లు రాచినను, జబ్బును దాచుచున్నారని దిగులుపడి పోవువారు పెక్కురు. కొలతలు తీయుటకు అట్లు చేయుట మామూలు.

స్కానింగు సర్వమును చూపునని తలంపరాదు. ఎముక చాటున నున్నవియు, వాయువు నిండిన ప్రేగులోనివియు దానికి సరిగా కానరావు. మూత్రపిండముల పరిమాణమును, అందలి రాళ్లను అది చక్కగా చూపును. కాని అవి రక్తమును ఎంతమాత్రము శుద్ధిచేయుచున్నవో చెప్పజాలదు. దానికి క్రియాటినిను అను రక్తపరీక్ష వలయును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున జీడి, కొబ్బరి తోటల రైతులును కూలీలును అనేకులు మూత్రపిండముల జబ్బు పాలైరి. అట్టి జబ్బు మొదట నున్నప్పుడు స్కానింగులో బాగుగనే కనబడవచ్చును. కనుక "స్కానింగు బాగున్నది" అని రక్తపరీక్ష మానుట తగదు. ఇందుకు మారుగా, నివేదికలో "నీటితిత్తి" యని యున్నంతమాత్రమున వణకనక్కరలేదు. వయసు మీరినవారి మూత్రపిండములలో సాధారణమైన నీటితిత్తులు తరచు కనబడును. వానిలో చాలవరకు చికిత్స యక్కరలేనివి.

గర్భిణుల సంగతి ఒకటి చెప్పకతప్పదు. లోనున్నది మగశిశువా ఆడశిశువా యని అడుగుట 1994నాటి చట్టము ప్రకారము నేరము. చెప్పిన వైద్యుడు శిక్షార్హుడు. పరీక్ష కోరిన భర్తయు, బంధువులును మొదటి నేరమునకే 3 సంవత్సరముల వరకు ఖైదునకును, 50,000 రూపాయల వరకు జరిమానాకును పాత్రులగుదురు. అందువలన గర్భిణికి స్కానింగు చేయుచోట, శిశువు లింగము తెలిసికొన గోరుటలేదని ఆమెచేత కాగితముపై వ్రాలు చేయింతురు. అత్తగారు గదివెలుపల నిలిచి సైగలతో అడుగుటయు అడుగుటయే.

పరీక్ష ముగిసిన పిదప వైద్యుని వ్రాలు గల నివేదికయు, బొమ్మల కాగితమును ఇత్తురు. నున్నని కాగితముపై ముద్రించిన బొమ్మలు వేడికిని ఎండకును వెలిసిపోవును గనుక పెట్టెలో భద్రపరచుడు. మరల స్కానింగునకు పోవునప్పుడు పాత నివేదికను వెంట తీసికొనిపోవలయును. రాయి పెరిగినదో తగ్గినదో, గడ్డ క్రొత్తదో పాతదో పోల్చి చెప్పుటకు వైద్యునికి అదియే ఆధారము.