లారీ క్యాబిన్‌లో ఇంటి ప్లగ్ పాయింట్: పెట్టించే ముందు బ్యాటరీ హిసాబ్ చూసుకోండి

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. రోడ్ల మీద ఇప్పటికే తిరుగుతున్న లారీలకు ఆ రూలు వర్తించదు. ఏసీ ఉన్న కొత్త బండిలోనైనా ఇంజిన్ ఆపితే సాధారణంగా ఏసీ కూడా ఆగిపోతుంది. లోడింగ్ దగ్గర రాత్రంతా లైన్లో ఉండే డ్రైవర్‌కి ఫ్యాను కావాలి, ఫోన్ ఛార్జింగ్ కావాలి, వీలైతే ఇంత అన్నం వండుకునే కుక్కర్ కావాలి. అందుకే చాలామంది క్యాబిన్‌లో ఇంట్లో ఉండేలాంటి ప్లగ్ పాయింట్ పెట్టించుకోవాలనుకుంటారు. పని పెద్దదేమీ కాదు. కానీ లెక్క తప్పితే తెల్లారి బండి స్టార్ట్ కాదు, వైరింగ్ తప్పితే క్యాబిన్ కాలిపోతుంది.

బ్యాటరీ ఇచ్చేది డీసీ కరెంటు. ఇంట్లో వాడేది 230 వోల్టుల ఏసీ. దాన్ని దీనిలోకి మార్చేదే ఇన్వర్టర్. పెద్ద లారీల్లో 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపి ఉంటాయి, అంటే మొత్తం 24 వోల్టులు. కాబట్టి కొనాల్సింది 24 వోల్టుల ఇన్వర్టర్. కారుది గానీ, ఇంట్లో వాడే 12 వోల్టులది గానీ తెచ్చి రెండు బ్యాటరీల్లో ఒకదానికి మాత్రమే తగిలించే అలవాటు ఉంది. అలా చేస్తే ఆ బ్యాటరీ ఒక్కటే ఖాళీ అవుతూ ఉంటుంది, రెండోదానికి ఛార్జింగ్ ఎక్కువైపోతుంది. కొన్నాళ్లకి రెండూ పోతాయి. ఇన్వర్టర్ మీద మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు బ్యాటరీల మీద పెట్టాలి.

ఇప్పుడు హిసాబ్. బీకామ్ చదివినవాడిగా నాకిది జమాఖర్చుల పుస్తకంలాగే కనిపిస్తుంది. బ్యాటరీలు 120 ఆంపియర్ అవర్లవి అనుకుందాం. సిరీస్‌లో వోల్టులు కూడతాయి గానీ ఆంపియర్ అవర్లు కూడవు. 24ని 120తో గుణిస్తే 2,880 వాట్ అవర్లు. అదంతా మనది కాదు. లారీ బ్యాటరీ స్టార్టింగ్ కోసం చేసింది, లోతుగా వాడితే త్వరగా దెబ్బతింటుంది. పావు వంతు దాటకపోవడం మంచిది, అంటే 720. అందులో ఇన్వర్టర్ తన వాటాగా పది పదిహేను శాతం తీసుకుంటుంది. చేతికొచ్చేది సుమారు 600. పాత బ్యాటరీ అయితే ఇంకా తక్కువే.

50 వాట్ల ఫ్యాను 8 గంటలు తిరిగితే 400. రెండు ఫోన్లకి ఓ 40. ఇక్కడిదాకా సరిపోయింది. 700 వాట్ల రైస్ కుక్కర్ అరగంట పెడితే మరో 350. ఖాతా దాటిపోయింది! వండుకోవాలంటే బండి ఆపాక, ఇంజిన్ ఆఫ్ చేయకముందే వండుకోవాలి, ఆ డీజిల్ ఖర్చు కూడా రాసుకోవాలి. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ గురించి అసలు ఆలోచించొద్దు. దానికి 24 వోల్టుల దగ్గర దాదాపు 95 ఆంపియర్లు లాగాలి.

‘బ్యాటరీ తగ్గితే ఇన్వర్టర్ తనే కట్ అవుతుంది’ అని షాపులో చెబుతారు. నిజమే. అయితే చాలావాటిలో అది 21 వోల్టుల దగ్గర కట్ అవుతుంది. అప్పటికి బ్యాటరీలో ఇంజిన్ తిప్పే బలం మిగలదు. చిన్న వోల్ట్ మీటర్ ఒకటి పెట్టించుకోండి. ఛార్జింగ్ గానీ లోడ్ గానీ లేనప్పుడు 24.8 చూపిస్తే ముప్పావు వంతు ఉన్నట్టు, 24.4 అంటే సగమే. రోజూ వంట చేసుకునేవాళ్లకి విడిగా మరో బ్యాటరీ జత, మధ్యలో ఐసోలేటర్ పెట్టించడమే సరైన దారి.

ఇక అసలు ప్రమాదం వైరు దగ్గర. 1,000 వాట్ల ఇన్వర్టర్ నిండా పనిచేస్తే 24 వోల్టుల దగ్గర 50 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. లైటర్ సాకెట్ నుంచి అంత లాగితే ఫ్యూజు పోవాలి, పోకపోతే వైరు కాలాలి. బ్యాటరీ నుంచి నేరుగా 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేయించాలి. ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే 60 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు ఇన్వర్టర్ దగ్గర పెడితే మధ్యలో కేబుల్ ఛాసిస్‌కి రాసుకుని షార్ట్ అయినప్పుడు దాన్ని ఆపేవాడు ఉండడు. క్యాబిన్ ముందుకి వంగే బండ్లలో, వంచినప్పుడు కేబుల్ లాగబడకుండా కాస్త వదులు ఉంచాలి, రేకు రంధ్రంలో రబ్బరు బుష్ వేయించాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇన్వర్టర్‌ని పరుపు కింద దాచొద్దు, దానికి గాలి ఆడాలి. ఫ్యాను కోసమైతే ప్యూర్ సైన్ వేవ్‌ది తీసుకోండి. చవకరకం మీద మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. వారంటీ, ఇన్సూరెన్స్ ఉన్న బండి అయితే వైరింగ్ ముట్టుకునే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి రాతలో తీసుకోండి. తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ రాకుండా ఉంటుంది.

నన్నడిగితే, ఫ్యాను, ఫోను వరకే అయితే ఇన్వర్టరే అక్కర్లేదు. 24 వోల్టుల డీసీ ఫ్యాను, 24 వోల్టులకి పనిచేసే యూఎస్‌బీ ఛార్జర్ చాలు. ఖర్చు తక్కువ, కరెంటు మార్చడంలో పోయే నష్టమూ ఉండదు. ల్యాప్‌టాప్, కుక్కర్ లాంటివి ఉన్నవాళ్లే పై లెక్కంతా కాగితం మీద వేసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లండి.