కరెంటు తగిలినవాని గుండె, ఊపిరి

మోటారు స్టార్టరుకడ కరెంటు తగిలి యొకడు పడిపోయినపుడు మన గ్రామములలో ఏమి జరుగునో సభ్యుల కందరకు తెలిసినదే. క్షణములో పదిమంది గుమిగూడుదురు. ఒకరు అరికాళ్లు రుద్దుదురు. ఒకరు ముఖమున నీళ్లు చల్లుదురు. ఒకరు నోటిలో నీళ్లు పోయజూతురు. మరియొకరు ఆటోకొరకు పరుగెత్తుదురు. కొన్ని సంవత్సరముల క్రిందట వరి ప్రదర్శనక్షేత్రమును చూడబోయిన యొక గ్రామమున మేమును అట్లే అరికాళ్లు రుద్దినవారమే. పడినవాడు ముప్పది యేండ్ల యువకుడు. వ్రేలిమీద శనగగింజయంత కాలిన మచ్చ తప్ప దేహమున వేరు గాయము లేదు. ఆసుపత్రి చేరుసరికి నలువది నిమిషములు పట్టెను. అచ్చటి వైద్యుడు మమ్మడిగిన ప్రశ్న యొక్కటే: “దారిలో రొమ్ము నొక్కినవా రెవరైన నున్నారా?” ఎవ్వరును లేరు. ఎట్లు నొక్కవలెనో, ఏల నొక్కవలెనో మాలో నొక్కరికిని తెలియదు.

ఆ ప్రశ్న అర్థము కావలెనన్న మన రొమ్ములో నున్న రెండు యంత్రముల పని ముందుగా తెలియవలెను.

మేము చదువుకొన్న మిషను పాఠశాలలో ఆరోగ్యశాస్త్రము చెప్పిన ఉపాధ్యాయుడొకనాడు మేకగుండెను తెచ్చి బల్లపై కోసి చూపెను. మనుష్యుని గుండెయు నిర్మాణమున అట్టిదే. ఎవరి పిడికిలి యెంతయో వారి గుండె యించుమించుగా అంత. అది చాలమంది తలచునట్లు ఎడమచంక క్రింద లేదు. రొమ్ము నడుమనున్న చదునైన యెముకకు వెనుక, కొంచెము ఎడమకు మొగ్గి యున్నది. దానిలో నాలుగు గదులు. కుడివైపు గదులు దేహమంతయు తిరిగి నల్లబడి వచ్చిన రక్తమును గ్రహించి ఊపిరితిత్తులకు పంపును. ఎడమవైపు గదులు ఊపిరితిత్తులలో శుభ్రపడి యెర్రనైన రక్తమును గ్రహించి దేహమున కంతటికి తోడును. కావున గుండె యనగా ఒకే గోడను పంచుకొన్న రెండు పంపులు. గదికి గదికి నడుమ పలుచని తలుపులున్నవి. బావిలోని ఫుట్‌వాల్వు నీటిని పైకి పోనిచ్చి వెనుకకు రానీయనట్లే ఈ తలుపులు రక్తమును ముందునకే పోనిచ్చును. ఈ మాట గుర్తుంచుకొనవలెను. రొమ్ము నొక్కుటలోని కీలకమంతయు ఇందే యున్నది.

విశ్రాంతిగా నున్నవాని గుండె నిమిషమునకు సుమారు 72 మారులు కొట్టుకొనును. ఒక్కొక్క దెబ్బకు దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తము వెడలును. లెక్క వేసిన నిమిషమునకు అయిదు లీటర్లు. పెద్దవాని దేహమున నున్న రక్తమును ఇంచుమించు అయిదు లీటర్లే. అనగా మన రక్తమంతయు నిమిషమున కొక చుట్టు తిరిగివచ్చుచున్నది. రక్తమిట్లు చుట్టివచ్చునని 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే నిరూపించువరకు లోకమునకు స్పష్టముగా తెలియలేదు.

ఊపిరితిత్తులు పీల్చుకొనుటకు తమంతట తాము కదలలేవు. రొమ్మునకు, కడుపునకు మధ్య గొడుగువలె పరచుకొన్న కండరము క్రిందికి దిగినపుడు రొమ్ము విశాలమై గాలి లోనికి వచ్చును. అచ్చట కోట్లకొలది చిన్న గాలితిత్తుల గోడలకు రక్తము తగిలి ప్రాణవాయువును గ్రహించి, బొగ్గుపులుసు వాయువును విడిచిపెట్టును. మనము పీల్చు గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. విడుచు గాలిలో ఇంకను 16 పాళ్లు మిగిలియుండును. మన నోటిగాలి మరియొకనికి ఉపయోగపడుటకు కారణమిదే.

ఈ రెండు యంత్రములకు మొదటి యజమాని మెదడు. దేహపు బరువులో నూటికి రెండుపాళ్లే యైనను వచ్చిన ప్రాణవాయువులో అయిదవవంతు అదియే వాడుకొనును, నిలువచేసికొనదు. కండరము కొంతసేపు పస్తుండగలదు. మెదడుండలేదు. రక్తప్రవాహము నిలిచిన నాలుగైదు నిమిషములకే దానికి చెరుపు ప్రారంభమగును. పైని చెప్పిన నలువది నిమిషములను దీనితో పోల్చి చూచికొనుడు.

ఇక కరెంటు చేయునదేమి? ‘కరెంటు లాగుకొన్నది, పట్టుకొన్నది’ అని మనవారందురు. నిజమున కది లాగదు. మన కండరములు నరములగుండ వచ్చు స్వల్ప విద్యుత్తుచే ఆజ్ఞలు పొందునవి. బయటి కరెంటు వచ్చినపుడు అన్నియు నొక్కసారిగా బిగియును. చేతిని ముడుచు కండరములు తెరచువానికంటె బలమైనవి గనుక పిడికిలి తీగెమీదనే బిగిసిపోవును. రొమ్ము కండరములును బిగిసిన ఊపిరి నిలుచును. తడిచేయి, తడిగట్టుమీద వట్టికాలు కలిసినపుడు చేతినుండి కాలికి పోవు కరెంటు దారిలో గుండె తగులును. ఎండిన చర్మము కరెంటును కొంత అడ్డుకొనును, తడిసినది అడ్డుకొనజాలదు.

గుండెలో సహజముగా ఒక తాళము కలదు. కండరమంతయు ఆ తాళమునకు కలిసి ముడుచుకొనును. సెకనుకు నూరు మారులు దిశ మారు మన కరెంటు ఆ తాళమును చెరుపగలదు. అపుడు ఒక కాడికి కట్టిన యెద్దులు తలయొక వైపునకు గుంజినట్లు కండరపు పోగులు వేటికవి వడకును గాని రక్తము కదలదు. ఆ వడకు నిలిపి మరల తాళము పట్టించుటకు ఆసుపత్రులలోను, కొన్ని అంబులెన్సులలోను యంత్రము కలదు. అది అందువరకు మెదడునకు రక్తము నందించువా రెవరు? రొమ్ము నొక్కక యూరకుండిన ఒక్కొక్క నిమిషమునకు బ్రదుకు ఆశలో నూటికి ఏడునుండి పదిపాళ్లు తరిగిపోవును.

ఈ ఉపాయమును కనిపెట్టినవారిలో పెద్ద వైద్యుడు కాక విద్యుత్ ఇంజనీరగుట గమనింపదగినది. అమెరికాలో తీగెలపై పనిచేయువారు కరెంటు తగిలి చనిపోవుచుండిరి. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున విలియం కౌవెన్‌హోవెన్ అను ఇంజనీరు గుండె వడకును కరెంటుతోనే నిలుపవచ్చునని బహుకాలము శ్రమించెను. 1958లో అతని శిష్యుడు గై నికర్‌బాకర్ కుక్కపై పరీక్ష చేయుచు విద్యుత్ ఫలకములను రొమ్మున గట్టిగా అదిమినపుడెల్ల రక్తపుపోటు కొంచెము పెరుగుట చూచెను. రొమ్ము తెరువకయే పైనుండి నొక్కినను రక్తము కదలునని అట్లు తెలిసెను. 1960లో జేమ్స్ జూడ్ అను శస్త్రవైద్యునితో కలిసి వారు దీనిని ప్రకటించిరి. ఇందుకు కావలసినవి రెండు చేతులే యని వారు వ్రాసిన మాట పొలముగట్టున నున్న మనకే యెక్కువగా వర్తించును.

కాని ఆ రెండు చేతులతో మొదట పడినవానిని తాకరాదు. మెయిన్ స్విచ్చి నాపవలెను. అది వీలుకానిచో ఎండిన నేలపై నిలిచి పూర్తిగా ఎండిన కర్రతో తీగెను తొలగింపవచ్చును. ఇది మోటారు తీగెకు మాత్రమే. స్తంభములమీది పెద్ద లైను తెగిపడినచోట కర్రయు రక్షింపదు. కరెంటు తీసిరని తెలియువరకు దూరముగా నుండవలసినదే. ఒకని వెనుక నొకడు పోయి ఒకే తీగెకు ముగ్గురు బలియైన ఇండ్లున్నవి.

పిమ్మట భుజము తట్టి పిలువవలెను. పలుకక, రొమ్ము లేచి పడుట కానరానిచో గుండె ఆగినదని యెంచి ఒకరిచే 108కి ఫోను చేయించి రెండవవారు పని మొదలిడవలెను. అప్పుడప్పుడు చేప నోరు తెరచినట్లు ఎగశ్వాస తీయుటను ఊపిరిగా నెంచరాదు. అనేకులు అచ్చటనే మోసపోవుదురు. నాడికొరకు వెదకుచు కాలము పుచ్చరాదు.

వానిని గట్టినేలపై వెలికిల పరుండబెట్టవలెను. నులకమంచముమీద, దమ్ముచేసిన మడిలో నొక్కినచో క్రిందిభాగము దిగిపోవును గాని రొమ్ము దిగదు. రొమ్ముటెముక క్రిందిసగమున అరచేతి మడమనుంచి, దానిపై రెండవచేయి వైచి, మోచేతులు వంచక, మన దేహపు బరువుతో అయిదునుండి ఆరు సెంటీమీటర్లు దిగునట్లు నొక్కవలెను. నిమిషమునకు 100నుండి 120 మారులు. నొక్కినపుడు గుండె పిండబడి రక్తము ముందునకు పోవును. విడిచినపుడు తలుపులు మూసికొని, వెనుకనుండి వచ్చు రక్తముతో గుండె నిండును. కావున నొక్కుట యెంతయో పూర్తిగా విడుచుటయు అంత. ప్రక్కటెముక విరిగిన చప్పుడైనను మానరాదు, ఎముక అతుకుకొనును. రెండు నిమిషములలో ఎంత బలశాలికైనను చేయి సడలును. గుంపుగా నిలిచినవారు వంతులు తీసికొనుటకే పనికివత్తురు.

నేర్చినవారైనచో 30 నొక్కులకు రెండుమారులు ఊపిరి ఊదవలెను. తెలివిలేనివాని నాలుక వెనుకకు జారి గాలిదారిని మూయును గనుక నుదురు వెనుకకు వంచి గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, రొమ్ము లేచునట్లు ఊదవలెను. నేరనివారు నొక్కుట మాత్రమే చేసినను మేలే. నోటిలో నీరు మాత్రము పోయరాదు. మ్రింగునపుడు గాలిగొట్టమును కప్పు మూత తెలివిలేనివానికి పనిచేయదు. ఆ నీరు ఊపిరితిత్తులకే పోవును. ఊపిరి యాడుచుండి తెలివి మాత్రము లేనిచో ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టిన చాలును. లేచి కూర్చుండి మాటలాడినను ఆసుపత్రికి కొనిపోవలెను. గుండె తాళము పిమ్మట తప్పవచ్చును, చర్మముపై చిన్న మచ్చ యున్నచోట లోపల లోతుగా కాలియుండవచ్చును.

చదివినమాత్రమున ఈ పని చేతికి రాదు. వచ్చు నెల సంఘసమావేశము ముగిసిన పిమ్మట గోదాము అరుగుమీద ఊక దట్టించి కుట్టిన గోనెసంచిపై మేము చేసి చూపెదము. మోటారు గల సభ్యులు ఒక్కరే రాక, పొలమున తమతో నుండు కొడుకునో, కూలివానినో, ఇల్లాలినో వెంటబెట్టుకొని రాగోరుచున్నాము. కరెంటు తగిలినవాడు తన రొమ్ము తాను నొక్కుకొనలేడు.