చలిని తట్టుకొనే నేల ఆర్కిడ్లు: గృహోద్యాన పెంపకం - పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆర్కిడ్ అనగానే చెట్టుకొమ్మను పట్టుకొని, వేళ్లను గాలిలో వేలాడదీసే మొక్క స్ఫురిస్తుంది. అయితే ఈ కుటుంబంలో మట్టిలోనే వేళ్లూని, శీతకాలమంతా నేలలో నిద్రించి, వసంతంలో తిరిగి చిగిర్చే జాతులు అనేకం ఉన్నాయి. వాటిలో ఇంటితోటలకు అనువైన బ్లెటిల్లా, డాక్టిలోరైజా, సిప్రిపీడియం అనే మూడు ప్రజాతుల జీవనక్రమాన్ని, పెంపకపద్ధతులను వివరించడం, ఆ పెంపకానికీ అడవిమొక్కల సంరక్షణకూ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నేల ఆర్కిడ్లు, సుప్తావస్థ, శిలీంధ్ర సహజీవనం, బ్లెటిల్లా, డాక్టిలోరైజా, సిప్రిపీడియం, సంరక్షణ.

1. ఉపోద్ఘాతం:
పుష్పించే మొక్కలలో అతిపెద్ద కుటుంబాలలో ఆర్కిడ్ కుటుంబం ఒకటి. ఇందులో సుమారు 28,000 జాతులున్నాయి. ఉష్ణమండల అడవులలోని జాతులలో అధికభాగం చెట్లమీద నివసిస్తాయి. చెట్టుమీద మొలిచే ఇతర మొక్కలతోపాటు వీటినీ ‘బదనిక’ అని వ్యవహరించడం తెలుగులో ఉంది. నిజానికి ఆర్కిడ్ ఆ చెట్టు రసాన్ని పీల్చదు. దానిని ఆసరాగా మాత్రమే వాడుకొంటుంది. ఐరోపా, జపాన్, ఉత్తర అమెరికాలలోని చలిప్రాంతాలలో ఈ జీవనవిధానం సాధ్యం కాదు. మంచుకు బయటి వేళ్లు గడ్డకట్టి నశిస్తాయి. అందువల్ల అక్కడి ఆర్కిడ్లు నేలను ఆశ్రయించాయి. వీటిని కుండీలోని సాధారణ పూలమొక్కలవలె చూసినవారికి మొదటి సంవత్సరం పూలు దక్కుతాయి గాని, రెండవ సంవత్సరం మొక్క దక్కడం అరుదు. దీనికి కారణం మొక్క భూగర్భజీవితంలో ఉంది.

2. భూగర్భ జీవనక్రమం:
ఈ మూడు ప్రజాతులూ ఆహారాన్ని నేలలో దాచుకొంటాయి. దాచుకొనే తీరు మాత్రం వేరు.

డాక్టిలోరైజాకు చేతివేళ్లవలె చీలిన దుంప ఉంటుంది. గ్రీకుభాషలో ‘డాక్టిలోస్’ అంటే వేలు, ‘రైజా’ అంటే వేరు. వసంతంలో పాత దుంప తన నిల్వను ఖర్చుచేసి ఆకులను, పూలకాడను పైకి పంపుతుంది. అదే సమయంలో దాని పక్కన కొత్త దుంప పుడుతుంది. వేసవి చివరికి పాతది ముడుచుకొని నశిస్తుంది, కొత్తది మరుసటి సంవత్సరపు మొక్కను మోస్తుంది. అంటే ఈ మొక్క ఏటా తన స్థానంలో తానే వారసత్వాన్ని నిలుపుకొంటుంది. పూలు వాడగానే ఆకులను కోసివేస్తే కొత్త దుంపకు ఆహారం అందదు.

బ్లెటిల్లాకు నేల ఉపరితలానికి దగ్గరగా, గొలుసువలె ఒకదానినొకటి అంటుకొన్న చిన్న గడ్డలుంటాయి. ఏటా ఒక కొత్త గడ్డ చేరుతుంది. పాత గడ్డలు కొన్నేళ్లపాటు సజీవంగా ఉంటాయి.

సిప్రిపీడియంకు దుంప లేదు. అడ్డంగా సాగే భూగర్భకాండం, దాని నుండి నలువైపులా పరచుకొనే పొడవైన వేళ్లు ఉంటాయి. ఒక్కొక్క వేరు అనేక సంవత్సరాలు జీవిస్తుంది. అందుచేత తవ్వకంలో తెగిన వేరుకు బదులు కొత్త వేరు త్వరగా రాదు. మరుసటి ఏటి మొగ్గ వేసవిముగింపుకే భూమిలో సిద్ధమవుతుంది. అది వికసించడానికి సుమారు మూడు నెలల చలి అవసరం.

3. విత్తనం - శిలీంధ్ర సహజీవనం:
ఆర్కిడ్ విత్తనం ధూళికణమంత చిన్నది. అందులో మొలకకు కావలసిన ఆహారనిల్వ ఉండదు. ప్రకృతిలో అనువైన శిలీంధ్రం విత్తనంలోకి ప్రవేశించి ఆహారాన్ని అందిస్తేనే మొలక సాగుతుంది. ఈ సంబంధాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్డ్ 1899లో గుర్తించాడు. శిలీంధ్రం లేకుండానే చక్కెర, లవణాలు కలిపిన అగర్ మాధ్యమంపై విత్తనాలను మొలిపించే పద్ధతిని అమెరికాలో లూయిస్ నుడ్సన్ 1922లో ప్రకటించాడు. నేడు వాణిజ్యపరంగా లభిస్తున్న ప్రయోగశాల మొక్కలకు ఆధారం ఈ పద్ధతే. అయినా ఓర్పు తప్పదు. సిప్రిపీడియం మొలక పూతకు రావడానికి అనేక సంవత్సరాలు పడుతుంది. దాని ధర అధికంగా ఉండడానికి ఇదే ప్రధాన కారణం.

4. పెంపక పద్ధతులు:

4.1 బ్లెటిల్లా స్ట్రయాటా: చైనా, జపాన్ దేశాలకు చెందిన ఈ మొక్క కొత్తవారికి అనువైనది. జపాన్‌లో దీనిని ‘షిరాన్’ అంటారు. చైనా సంప్రదాయవైద్యంలో దీని గడ్డను రక్తస్రావాన్ని ఆపడానికి వాడుతారు. నీరు నిలవని, ఆకుఎరువు కలిసిన మట్టిలో, పాక్షికమైన నీడలో, గడ్డ పైభాగం మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున ఉండేటట్లు నాటాలి. శీతకాలంలో ఎండుటాకులు కప్పితే గట్టి చలిని కూడా తట్టుకొంటుంది. దీని బలహీనత శీతకాలం కాదు, వసంతం. తొందరపడి పైకి వచ్చిన చిగురులోనే పూలమొగ్గ దాగి ఉంటుంది. ఆలస్యంగా కురిసిన ఒక్క రాత్రి మంచు ఆ ఏటి పూతను హరిస్తుంది. అటువంటి రాత్రులలో చిగురుపై బట్టను గాని బోర్లించిన కుండీని గాని కప్పాలి. గుంపు పెరిగిన తరువాత రెండు మూడు గడ్డలు ఒక్కొక్క భాగంలో ఉండేటట్లు విడదీసి నాటుకోవచ్చు.

4.2 డాక్టిలోరైజా: ఐరోపాలోని తేమగల పచ్చికబయళ్లు దీని సహజస్థానం. ఎదుగుదల కాలంలో మట్టి ఆరిపోకూడదు. నిద్రలో ఉన్న దుంపను శరదృతువులో సుమారు ఐదు సెంటీమీటర్ల లోతున నాటాలి. గాఢమైన ఎరువులు హానికరం. వసంతంలో లేతచిగుళ్లను నత్తలు తినివేస్తాయి. ఆ ఏడు ఆకులు పోతే కొత్త దుంప బలహీనపడుతుంది గనుక ఈ నష్టం మరుసటి సంవత్సరానికీ సంక్రమిస్తుంది.

4.3 సిప్రిపీడియం: పువ్వు దిగువరేకు చెప్పు ముందుభాగంవలె సంచి ఆకారంలో ఉంటుంది. లోపలికి జారిన తేనెటీగ వెనుకనున్న ఇరుకుదారి గుండా బయటపడుతూ పుప్పొడిని అంటించుకొని పోతుంది. ఈ ప్రజాతిలోని శుద్ధజాతులకంటే సంకరజాతులు ఇంటితోటలో తేలికగా నిలుస్తాయి. మట్టిమిశ్రమంలో పెర్లైట్, ప్యూమిస్, గరుకు ఇసుక వంటి ఖనిజపదార్థాలు అధికంగాను, ఆకుఎరువు స్వల్పంగాను ఉండాలి. శరదృతువులో వేళ్లను నక్షత్రంవలె వెడల్పుగా పరచి, మొగ్గపై రెండు మూడు సెంటీమీటర్ల మట్టి మాత్రమే కప్పాలి. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ అనుకూలం. వేసవిలో నేల చల్లగా ఉండడం, శీతకాలంలో మట్టి తడిసి ముద్దకాకుండానూ పూర్తిగా ఎండిపోకుండానూ ఉండడం ముఖ్యం. శీతకాలం సరిపడా చల్లగా లేనిచోట్ల కొందరు పెంపకందారులు నిద్రిస్తున్న మొక్కను తేమగల నాచులో చుట్టి, ఫ్రిజ్‌లో సున్నా నుండి ఐదు డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు.

5. వైఫల్య కారణాలు:
మొక్క నశించడానికి కారణం చాలావరకు నిర్లక్ష్యం కాదు, అతిశ్రద్ధ. శరదృతువులో ఆకులు పసుపురంగుకు తిరగగానే మొక్క దప్పికగొన్నదని భావించి నీరు, ఎరువు పెంచుతారు. నిద్రకు ఉపక్రమించిన వేళ్లు ఆ నీటిని స్వీకరించలేక కుళ్లిపోతాయి. మరికొందరు చలికి జాలిపడి కుండీని వెచ్చని గదిలోకి చేరుస్తారు. చలి అందని సిప్రిపీడియం మొగ్గ సరిగా మేలుకోదు. ఇంకొందరు మొక్క బతికి ఉందో లేదో తెలుసుకోవాలని మధ్యలో తవ్విచూసి వేళ్లను తెంచుతారు. ఖాళీగా కనిపించే కుండీని ఖాళీగానే ఉండనివ్వడం ఈ పెంపకంలో ప్రధానమైన నైపుణ్యం.

6. సేకరణ - సంరక్షణ:
ఈ మొక్కలపై మనిషికి గల మక్కువే వాటికి ముప్పుగా పరిణమించింది. బ్రిటన్‌లో సిప్రిపీడియం కాల్సియోలస్ పూలకోసమూ తోటలకోసమూ జరిగిన తవ్వకాలవల్ల క్షీణించి, 1917లో అంతరించినట్లు భావించబడింది. 1930లో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క మొక్క కనిపించింది. దాని స్థలాన్ని దీర్ఘకాలం రహస్యంగా ఉంచి కాపాడారు. క్యూ ఉద్యానవనంలోని ప్రయోగశాలలో పెంచిన మొక్కలను తరువాతి కాలంలో తిరిగి ప్రకృతిలో నాటారు. టర్కీలో ‘సాలెప్’ పానీయంకోసం, హిమాలయాలలో ‘సాలంపంజా’ అనే ఔషధంకోసం ఆర్కిడ్ దుంపలను తవ్వుతున్నారు. ‘పంజా’ అన్న మాట డాక్టిలోరైజా హటగిరియా దుంప ఆకారాన్ని సూచిస్తుంది. దుంపను తవ్వడమంటే మరుసటి సంవత్సరపు మొక్కను తీసివేయడమే. 1975లో అమలులోకి వచ్చిన సైటిస్ ఒప్పందం ప్రకారం ఆర్కిడ్ల అంతర్జాతీయ వ్యాపారం నియంత్రణకు లోబడి ఉంది. కనుక కొనేటప్పుడు మొక్క విత్తనం నుండి గాని విభజన నుండి గాని నర్సరీలోనే పెరిగినదా అని విచారించడం అవసరం. అడవి నుండి తెచ్చిన మొక్క చౌకగా దొరకవచ్చును గాని, తెగిన వేళ్లతో ఇంటికి చేరిన దానికి ఆయువు తక్కువ. నష్టం అడవికీ కొన్నవారికీ కూడా కలుగుతుంది.

7. తెలుగునేలతో అన్వయం:
అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోనూ బ్రిటన్‌లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాల పెరడులకు ఈ మొక్కలు తగినవి. తెలుగు రాష్ట్రాల మైదానాలలో సిప్రిపీడియం, డాక్టిలోరైజా నిలవవు. అక్కడి వేసవి వాటికి తీవ్రం, శీతకాలం చాలదు. అయితే తూర్పుకనుమలలో హాబెనారియా, యూలోఫియా, జియోడోరం, నెర్విలియా వంటి నేల ఆర్కిడ్లున్నాయి. ఇవి కూడా భూగర్భంలో నిద్రించేవే. వీటి నిద్రకు కారణం మంచు కాదు, ఎండ. తొలకరితో మేలుకొని, వానలు వెనుదిరిగిన తరువాత క్రమంగా నేలలోకి ముడుచుకొంటాయి. నెర్విలియా ముందు పువ్వును, అది వాడిన తరువాత ఆకును పైకి పంపుతుంది. చలిదేశపు ఆర్కిడ్‌కు మంచు చేసే పనిని ఇక్కడ నడివేసవి చేస్తున్నది.

8. ముగింపు:
• నేల ఆర్కిడ్ల పెంపకంలో కనిపించే ఆకుకంటే కనిపించని దుంప, వేరు ప్రధానం.
• పూత ముగిసిన తరువాతి ఆకులే మరుసటి ఏటి మొక్కను నిర్మిస్తాయి. అవి సహజంగా ఎండేవరకు కోయరాదు.
• ప్రారంభకులకు బ్లెటిల్లా, అనుభవం వచ్చిన పిదప డాక్టిలోరైజా, సిప్రిపీడియం సంకరజాతులు తగినవి.
• సుప్తావస్థలో అధికమైన నీరు, వెచ్చదనం రెండూ హానికరం.
• ఇంటితోట అడవికి మేలుచేసేదా, కీడుచేసేదా అన్నది మొక్క పుట్టుకపై ఆధారపడి ఉంది. ప్రయోగశాలలోనూ నర్సరీలోనూ పుట్టిన మొక్కను ఎన్నుకొన్నప్పుడే ఈ అభిరుచి సంరక్షణకు తోడ్పడుతుంది.