హాలు చూడ్డానికి వెళ్తే ఏం చూడాలి?

మా హాస్టల్ మెస్‌లో వండే అక్క వాళ్ళ బాబుకి గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోయింది. కానీ ఆ తర్వాతి ప్రయాణాలు, అక్క పనికి రాలేని నెలల జీతం ఎవరిస్తారు? అందుకే క్లబ్బు తరఫున ఒక సాయంత్రం నాటికలు వేసి, 100 రూపాయల టికెట్లు 400 అమ్ముదామనుకున్నాం. ఇక వెన్యూ వేట మొదలైంది. రేపు మీ బ్రాంచి వాళ్ళు ఇలాంటిది పెడితే పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. ఫంక్షన్ హాలు అద్దె 25,000 అంటారు. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 4,500. కరెంటు మీటర్ రీడింగ్ ప్రకారం, జనరేటర్ డీజిల్ వేరే, క్లీనింగ్ వేరే. అవన్నీ ఓ 5,000 అనుకుందాం. మొత్తం 34,500. టికెట్లన్నీ అమ్ముడుపోయినా అక్క చేతికి వచ్చేది 5,500, అంటే ప్రతి 100లో 14 రూపాయలు కూడా కాదు! మిగతాదంతా మనం హాలు ఓనర్‌కి విరాళం ఇచ్చినట్టే. ముహూర్తాలు లేని ఆషాఢంలోనో, పుష్యంలోనో అడిగితే హాళ్ళు ఖాళీగా ఉంటాయి కాబట్టి బేరం కుదురుతుంది. పంచాంగం ఇలా కూడా వాడొచ్చు.

"వెయ్యి మంది పడతారు బాబూ" అన్న మాట నమ్మకండి. అది పెళ్ళి లెక్క. పెళ్ళికి జనం వస్తూ పోతూ ఉంటారు, బంతులు బంతులుగా తింటారు. నాటికకి అందరూ ఒకేసారి కూర్చోవాలి. టేపు పట్టుకెళ్ళి కొలవండి. 70 అడుగులు బై 60 అంటే 4,200 చదరపు అడుగులు. స్టేజీకి, నడిచే దారులకి 1,200 తీసేయండి. కుర్చీకి, కాళ్ళకి కలిపి మనిషికి 7 అడుగులు వేస్తే 428 మంది. వెయ్యి ఎక్కడ, 428 ఎక్కడ!

గేటు లెక్క మా సీఎస్‌ఈ వాళ్ళకి ఇష్టమైనది. ఒక్కో క్యూఆర్ స్కాన్‌కి 10 సెకన్లు పడితే 400 మందికి 4,000 సెకన్లు, గంట దాటుతుంది. మనవాళ్ళేమో చివరి 20 నిమిషాల్లోనే వస్తారు. కాబట్టి నాలుగు లైన్లు పట్టే గేటు ఉందా అని చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం తలుపులు. 1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమా హాల్లో మంటలు వచ్చి 59 మంది చనిపోయారు. బాల్కనీలో అదనంగా వేసిన సీట్ల వల్ల బయటికి వెళ్ళే దారి మూసుకుపోయింది. ఆ సీట్లు వేసింది టికెట్ల డబ్బు కోసమే. మనకీ అదే టెంప్టేషన్ ఉంటుంది: టికెట్ లేకుండా ఎవరూ దూరకూడదని పక్క తలుపుకి తాళం వేసేయాలనిపిస్తుంది. వద్దు. తాళం బదులు ఒక వాలంటీర్‌ని నిలబెట్టండి. వెనక తలుపు నిజంగా తెరుచుకుంటుందా, దాని వెనక క్యాటరింగ్ గిన్నెలు పేర్చి ఉన్నాయా అని మీరే తోసి చూడండి.

ప్రోగ్రాం ఏ టైముకో అదే టైముకి వెళ్ళి చూడండి. మేం పొద్దున చూసిన స్కూలు గ్రౌండు ఎంతో ప్రశాంతం. సాయంత్రం ఆరింటికి వెళ్తే పక్కన లారీల హారన్లు, మనిషి మాట వినపడలేదు. పైగా ఆరుబయట రాత్రి 10 దాటితే మైకు పెట్టకూడదు, అంతకుముందు పెట్టాలన్నా పోలీసు పర్మిషన్ కావాలి. ఆడవాళ్ళ టాయిలెట్లో నీళ్ళు, గడియ ఉన్నాయో లేదో అమ్మాయిలనే పంపి చూపించండి. అబ్బాయిలు "బానే ఉంది" అనేసి వస్తారు.

ప్రస్తుతానికి మా లిస్టులో మిగిలింది కాలేజీ ఆడిటోరియం. అద్దె లేదు, కానీ 220 సీట్లే. బయటివాళ్ళని రానివ్వమని ప్రిన్సిపాల్ గారికి సోమవారం లెటర్ ఇస్తున్నాం. ఒప్పుకుంటే 3 గంటలకి ఒక షో, 6:30కి ఇంకొకటి.